గేటు అవతలి టీకా

కరోనా సద్దుమణిగిన తర్వాత వచ్చిన రెండో చలికాలంలో నన్ను గురుగ్రామ్ జిల్లాకి టీకాల నిఘా అధికారిగా వేశారు. జిల్లాలో ఏ మూల ఏ పిల్లవాడికి జ్వరంతో పాటు దద్దుర్లు వచ్చినా ఆ కబురు ముందు నా బల్ల మీదికి రావాలి. నా కింద నలభై మంది పనిచేసేవారు. నేను ఊ అంటే బండ్లు కదిలేవి.

ఇలా మొదలుపెట్టడం నాకు అలవాటు. ఇందిరాపురంలో పొద్దున్నే నాతో నడిచే మిత్రులకు ఈ నాలుగు వాక్యాలూ కంఠతా వచ్చు. అచ్చులో చదివేవారి దగ్గర మాత్రం లెక్క సరిచెయ్యాలి. అది కాంట్రాక్టు ఉద్యోగం. నిఘా అధికారికి సలహా చెప్పే హక్కు ఉంటుంది గానీ ఆజ్ఞాపించే హక్కు ఉండదు. ఆజ్ఞలు జిల్లా టీకా అధికారివి. ఆయన కింద ఆరోగ్య కేంద్రాల డాక్టర్లు, వారి కింద ఏఎన్ఎంలు, అంటే నిజంగా సూది పట్టుకునే నర్సులు. నా కింద ఉన్నది ఒక కారు, దాని డ్రైవరు. భోజనానికి ఎక్కడ ఆపాలో అతనే నిర్ణయించేవాడు కాబట్టి అతను కూడా నా కింద ఉన్నాడని గట్టిగా చెప్పలేను.

ఆ ఏడాది మా పనంతా తట్టుతోనే. కరోనా రోజుల్లో చాలామంది పసిపిల్లలకు వెయ్యవలసిన టీకాలు వెయ్యవలసిన నెలలో పడలేదు. ఆ సందు చూసుకుని తట్టు మళ్ళీ తల ఎత్తింది. తట్టు అంటే ఒంటి మీద నాలుగు రోజులు ఎర్రగా పొక్కి పోయేదే కదా అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. బలం లేని పసివాళ్ళలో అది ఊపిరితిత్తులకు దిగుతుంది, విరేచనాలు పెడుతుంది, ఒక్కోసారి కంటిచూపు తీసుకుపోతుంది. తట్టు ఉన్న పిల్లవాడు దగ్గిన గదిలోకి టీకా పడని పిల్లవాడు వస్తే, దాదాపు అంటుకున్నట్టే లెక్క.

ఒక మంగళవారం పొద్దున కమలేశ్ దీదీ ఫోన్ చేసింది. ఆవిడ జిల్లాలో ఒక వార్డుకి ఏఎన్ఎం. హర్యానా మనిషి, యాభై దాటిన వయసు, నాకంటే ఎక్కువ సర్వీసు. కొత్తగా లేస్తున్న ఒక అపార్టుమెంటు టవరు పక్కన కూలీల క్యాంపు ఉందనీ, అక్కడ ఒక ఐదేళ్ళ బాబుకి తట్టు లక్షణాలున్నాయనీ చెప్పింది. "మీ వాళ్ళే, డాక్టర్ సాబ్. సబ్ మద్రాసీ హై," అంది. ముప్పై ఏళ్ళుగా ఢిల్లీ చుట్టుపక్కల ఉన్నాను కాబట్టి మద్రాసీ అంటే తెలుగువాళ్ళు కూడా కావచ్చునని నాకు తెలుసు. వెళ్ళి చూస్తే పాలమూరు వాళ్ళు. నలభై రేకుల గదులు, చుట్టూ నీలం రంగు రేకుల ప్రహరీ, రోడ్డు వైపు పట్టా మీద జరిగే ఇనుప గేటు.

బాబు పేరు రాజు. గుంపు మేస్త్రి కుర్మయ్య చెల్లెలి కొడుకు. గుంపు మేస్త్రి అంటే ఊరి నుంచి కూలీలను కూడగట్టి పనికి తీసుకొచ్చే మనిషి. అతని ఇంట్లో ఏది చేస్తే నలభై గదుల్లోనూ అదే చేస్తారు. రాజు సోమవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు, పనికొచ్చే ఊరివాళ్ళతో కలిసి దిగాడు. ఆ పొద్దున్నే రైల్లో ఒళ్ళు పొక్కిందట. అదే గదిలో కుర్మయ్య తల్లి చెన్నమ్మ, భార్య అంజమ్మ, వాళ్ళ పది నెలల పాప శైలజ కూడా ఉంటున్నారు. గది పొడుగు మూడు మంచాలంత. విడిగా ఉంచడం అనే సలహా అక్కడ చెప్పడానికి కూడా చోటు చాలదు.

అంజమ్మ పాప కార్డు తెచ్చి చూపించింది. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ టీకాలన్నీ పడ్డాయి. తొమ్మిది నెలలు నిండాక వేసే తట్టు టీకా గడి మాత్రం ఖాళీగా ఉంది. ఎనిమిదో నెలలో వాళ్ళు పనికోసం ఇటు వచ్చేశారు.

"దీనికి గూడ పోస్తదా సారూ?" అని అత్తగారికి వినపడకుండా అడిగింది.

ఇక్కడ ఒక వైద్య విషయం చెప్పాలి. తట్టు సోకే అవకాశం ఏర్పడిన డెబ్భై రెండు గంటల్లోపు టీకా వేస్తే చాలామంది పిల్లల్లో జబ్బు రాకుండా ఆగుతుంది, లేదా తేలిగ్గా పోతుంది. మామూలుగా ఈ గడువు మాకు దొరకదు. ఎందుకంటే ఒళ్ళు పొక్కడానికి నాలుగు రోజుల ముందు నుంచే పిల్లవాడు జబ్బు పంచుతూ ఉంటాడు, మనకు తెలిసేసరికి గంటలు గడిచిపోయి ఉంటాయి. ఈ ఇంట్లో మాత్రం రాజు దిగిందే సోమవారం పన్నెండింటికి. అంటే పాపకి గురువారం పన్నెండింటి దాకా సమయం ఉంది. నా సర్వీసులో ఇంత కచ్చితమైన గడువు చేతికి రావడం అదే మొదలు.

మేం టీకాల బల్ల వేసింది క్యాంపు లోపల, కూలీల హాజరు రాసుకునే రేకుల షెడ్డులో. చెన్నమ్మ గదికి పది అడుగులు. మైక్రోప్లాన్ అని ఒక కాగితం ఉంటుంది, ఏ రోజు ఏ సందులో ఎక్కడ బల్ల వెయ్యాలో రాసి ఉండేది. టీకా ఎంత దగ్గరికి వెళితే అంత మంచిదన్నది ఆ కాగితానికి మూలసూత్రం. ఆ సూత్రాన్ని నేనే కనిపెట్టినట్టు శిక్షణ తరగతుల్లో చెప్పేవాణ్ణి. కనిపెట్టింది నేను కాదు. ఎక్కువసార్లు చెప్పింది మాత్రం నేనే.

చెన్నమ్మ గుమ్మానికి వేపమండ కట్టి ఉంది. ఆవిడ బయటికి వచ్చి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"తల్లి ఇంట్ల కూసున్నది సారూ. ఆమె లేసి పోయేదాంక సూది రానియ్య. తొమ్మిది దినాలు. గప్పుడు మీ ఇష్టం."

తట్టు, ఆటలమ్మ లాంటివి జబ్బులు కావనీ అమ్మవారు ఆ పిల్లవాడి ఒంటి మీదికి రావడమనీ నమ్మే ఇళ్ళు మన వైపూ ఉన్నాయి, ఉత్తరాదినా ఉన్నాయి. ఇక్కడ మాత ఆయీ హై అంటారు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఇంట్లో పోపు పెట్టరు, చెప్పులతో తిరగరు, మందూ సూదీ రానివ్వరు. రాజుకి కంటి రక్షణ కోసం ఇచ్చే విటమిన్ ఎ మందు చెంచాతో పోస్తామంటే మాత్రం ఒప్పుకుంది. దాని పసుపు రంగు చూపించి నేనే ఒప్పించానని చాలాకాలం చెప్పుకున్నాను. నిజానికి రాజు ఒక చుక్క నాకి, తియ్యగా ఉందని నోరు తెరిచాడు. ముసలమ్మ తల తిప్పుకుంది.

సాయంత్రం కారులో కూర్చుని ఫారం నింపాను. టీకా వద్దన్న ఇంటికి ఒక గడి, కారణానికి ఒక గడి ఉంటుంది. కారణాలు ముందే అచ్చు వేసి ఉంటాయి: భయం, ఊళ్ళో లేరు, పిల్లవాడికి జబ్బు, మత విశ్వాసం. నేను మత విశ్వాసం దగ్గర టిక్కు పెట్టాను. ఆ గడిలో ఒక సౌకర్యం ఉంది. టిక్కు పెట్టాక ఇంక ఎవరూ ఏమీ అడగరు.

బుధవారం పొద్దున చేసిన పనిని ఇంతవరకూ ఏ శిక్షణ తరగతిలోనూ చెప్పలేదు.

మాది గుంటూరు వైపు. నాస్తికుణ్ణి కాదు, అలాగని గుడికి దారి గుర్తున్నవాణ్ణీ కాదు. భక్తికి భక్తితోనే జవాబు చెప్పాలని నాకు రాత్రికి రాత్రి జ్ఞానోదయం అయింది. క్యాంపులో ఆడవాళ్ళందరూ నీళ్ళ ట్యాంకరు దగ్గర చేరిన సమయం చూసుకుని వెళ్ళి, గొంతు తగ్గించి చెప్పాను. మా ఇంటి ఇలవేల్పు కూడా అమ్మవారేననీ, తెల్లవారుజామున కలలో కనిపించి ఆ సీసాలో ఉన్నది నా తీర్థమే, నా పిల్లలకు పొయ్యమన్నదనీ.

ట్యాంకరు దగ్గర అందరూ నా వైపు తిరిగారు. నా మాట పనిచేసిందనుకున్నాను. చెన్నమ్మ బిందె దించి నన్ను నిదానంగా చూసింది.

"అట్లనా సారూ? మీ ఇంట్ల తల్లి పేరేంది?"

తోచిన పేరు చెప్పాను.

"ఆమెకి ఏం వండి పెడ్తరు?"

"పులిహోర," అన్నాను. నాకు ఇష్టం కాబట్టి ముందు అదే నోటికి వచ్చింది.

ముసలమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది. "తల్లికి పోపా? తెలిసే అంటున్నవా సారూ? ఆ వాసనకే ఆమెకి ఒళ్ళు మండుతది. చల్లగ పెరుగన్నం పెడ్తరు గాని. మీ ఇంట్ల ఆమె ఎట్ల కాలం గడుపుతున్నదో పాపం!"

వెనక నుంచి ఒకామె, "సారు కలలకి తల్లి రాలే, హోటలోడు వచ్చిండు!" అంది. బిందెలు కింద పెట్టి మరీ నవ్వారు. నేనూ నవ్వాను, ఇంకేం చెయ్యాలో తెలియక. అంజమ్మ ఒక్కతే నవ్వలేదు. పాపని ఎత్తుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

గంటలో ఫలితం కనిపించింది. క్యాంపులో ప్రతి గది తలుపుకీ వేపమండ వేలాడుతోంది. అప్పటిదాకా తల్లి కూర్చున్నది ఒక్క గదిలోనే. తల్లి పేరు మీద అబద్ధం చెప్పే డాక్టరు తిరుగుతున్నాడని తెలిశాక, ఎందుకైనా మంచిదని నలభై గదులూ ఆవిడ నీడలోకి చేరిపోయాయి. ఫారంలో ఒక ఇంటికి పెట్టిన టిక్కుని ఇప్పుడు నలభై ఇళ్ళకు పెట్టాలి. టీకాలకు వ్యతిరేకంగా ఊరేగింపు తీసేవాడు కూడా ఒక గంటలో ఇంత పని చెయ్యలేడు.

దీదీకి ఫోన్ చేసి చెప్పాను. కొంచెం తగ్గించే చెప్పాను. ఆవిడ అంతా విన్నది. తర్వాత, "మాతా కే నామ్ పే ఝూట్ నహీ బోల్తే, డాక్టర్ సాబ్," అంది. తిట్టలేదు. అమ్మవారి పేరు మీద అబద్ధం ఆడకూడదని చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది.

మధ్యాహ్నం ఆవిడ వచ్చింది. వ్యాక్సిన్ క్యారియర్, అంటే మంచు ప్యాకెట్ల మధ్య టీకా సీసాలుంచే నీలం పెట్టె, కారులోనే వదిలేసింది. గేటు దగ్గర చెప్పులు విడిచి, కుళాయి కింద కాళ్ళు కడుక్కుంది. గురుగ్రామ్ చలికాలంలో కుళాయి నీళ్ళు ఎలా ఉంటాయో తెలిసినవాళ్ళకే తెలుసు. నా బూట్ల వైపు ఒకసారి చూసింది. నేనూ విప్పాను. ఆ రోజు నా హోదా ఏమిటని అడిగితే దుబాసీ అని చెప్పాలి. దీదీ హిందీ, చెన్నమ్మ పాలమూరు తెలుగు, మధ్యలో నేను.

దీదీ టీకా ఊసు ఎత్తలేదు. గుమ్మం బయటే నేల మీద కూర్చుని, పిల్లవాడికి నీళ్ళు ఇస్తున్నారా, వేపాకులు ఎక్కడ దొరికాయి, మాతను ఎన్నో రోజున సాగనంపుతారు అని అడిగింది. వాళ్ళ ఊళ్ళో ఏడు రోజులని చెప్పింది. "మాకు తొమ్మిది," అంది చెన్నమ్మ కాస్త గర్వంగా. తర్వాత తనంతట తానే ఒక సంగతి చెప్పింది.

"మా పెద్దోడికి తల్లి పోసింది. నాలుగో దినం మా ఆయన ఆర్ఎంపీని పిల్సుకొచ్చిండు. వాడు సూది ఏసిండు. పొద్దుగూకెవరకు పిల్లగాడు పోయిండు. తల్లి కూసున్న ఇంట్లకి సూది తెచ్చినందుకే పోయిండు సారూ. నా కండ్ల ముందట."

ఆ పిల్లవాడికి అప్పటికే జబ్బు ఊపిరితిత్తులకు దిగి ఉంటుందనీ, సూది వల్ల కాదనీ నాకు తెలుసు. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. దీదీ నా మోచెయ్యి గిల్లింది. సర్వీసులో నేను సరైన సమయంలో నోరు మూసుకున్న సందర్భం ఇదొకటి ఉందని మిత్రులకు చెప్పుకుంటాను గానీ ఆ గిల్లుడు సంగతి చెప్పను.

అప్పుడు దీదీ ఒక ప్రశ్న అడిగింది. మాత కూర్చున్న చోటు ఎక్కడి దాకా? కహా తక్?

నేను తెలుగులో అడిగాను. అది వాదన కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగిన ప్రశ్న అని చెన్నమ్మకు అర్థమైంది. లేచి నిలబడి అటూ ఇటూ చూసింది.

"ఊర్లైతే పొలిమేర దాంక. ఈడ పొలిమేర యాడుంది? గా రేకుల గేటు దాంక అనుకో. గేటు అవతల తల్లిది గాదు."

"మరి గేటు అవతల పాపకి సూది వేస్తే?" అన్నాను. ఇది దీదీ అడగమన్నది కాదు, నాకే ఆగలేదు.

"గేటు అవతల ఏసుకుంటే నేనెందుకు వద్దంట?" అని నా మీదికే వచ్చింది. "నిన్నటి సంది ఇంట్లకి తెస్త, ఇంట్లకి తెస్త అంటివి గాని, బయటికి రమ్మని ఒక్కపాలన్న అడిగితివా సారూ నువ్వు?"

అడగలేదు. ముప్పై ఏళ్ళలో ఎవరినీ అడగలేదు. టీకా దూరమైతే జనం రారని నేర్చుకున్నాను, నేర్పాను. దగ్గరగా ఉండడమే అడ్డం కావచ్చుననే ఆలోచనకు మా కాగితాల్లో గడి లేదు.

ఆవిడ షరతులు రెండే. పెట్టె ఎప్పుడూ గేటు లోపలికి రాకూడదు. సూది వేయించుకున్న పిల్లలు తిరిగి లోపలికి వచ్చేటప్పుడు వేపాకు పసుపు నీళ్ళతో కాళ్ళు కడుక్కోవాలి. దీదీ రెండిటికీ ఠీక్ హై అంది. తన వైపు నుంచి కూడా ఒకటి చెప్పింది. వారం పది రోజులకు కొంతమంది పిల్లలకు జ్వరం రావచ్చు, ఒళ్ళు కాస్త పొక్కవచ్చు, అది సూది పనే గానీ మాత కోపం కాదు, ఏ వేళైనా తనకు ఫోన్ చెయ్యాలి. ఈ మాట ఇప్పుడే చెబితే మళ్ళీ వెనక్కి తగ్గుతారేమోనని నాకు భయం వేసింది. అనువాదంలో కొంచెం మెత్తగా చెబుదామనుకున్నాను. చెప్పలేదు, పొద్దున జరిగింది ఇంకా మండుతూనే ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చెన్నమ్మ తల ఊపింది.

ఆ సాయంత్రం, మర్నాడు బల్ల ఎక్కడ వెయ్యాలన్న చర్చ జరిగింది. గేటుకి ఎదురుగా సర్వీసు రోడ్డు అవతల మొక్కలమ్మే నర్సరీ ఒకటి ఉంది. నీడ ఉంది, బెంచీ ఉంది, యజమాని సరేనన్నాడు. కానీ మైక్రోప్లాన్‌లో లేని చోట టీకా సెషన్ పెట్టాలంటే జిల్లా టీకా అధికారి అనుమతి కావాలి. శిక్షణ తరగతుల్లో ఈ ఘట్టం ఇలా ఉండేది: ఆయన కాదన్నారు, నేను బాధ్యత నాదని ఒక్క మాట గట్టిగా అన్నాను, ఆయన మారు మాట్లాడలేదు. జరిగింది ఇది. గురువారం పొద్దున తొమ్మిదింటికి ఫోన్ చేశాను. రోడ్డు పక్కన సెషనా, ఎవరు చెప్పారు, ఎవరికైనా ఏమైనా అయితే అని ఆయన మూడు ప్రశ్నలు వేశారు. మూడూ సరైన ప్రశ్నలే. నేను, "సార్, సిగ్నల్ సరిగా లేదు," అని ఫోన్ పెట్టేశాను. ఈలోగా దీదీ క్యారియర్ భుజాన వేసుకుని రోడ్డు దాటేసింది. ఎవరికైనా వికటిస్తే వెంటనే ఇవ్వవలసిన మందుల కిట్టు ఆవిడ ముందే తెచ్చుకుంది. దగ్గర్లో ఉన్న ఆరోగ్య కేంద్రం డాక్టరుకి, అంబులెన్సుకి రాత్రే చెప్పి ఉంచింది.

తొమ్మిదిన్నరకి బల్ల సిద్ధం. ఎవరూ రాలేదు. పది. పదిన్నర. గేటు లోపల జనం నిలబడి ఉన్నారు, చూస్తున్నారు. మేస్త్రి ఇంటివాళ్ళు కదలకుండా మరొకరు కదలరు. తట్టు టీకా పొడిగా ఉంటుంది, ద్రావకం కలిపాక నాలుగు గంటల్లో వాడెయ్యాలి. ముందే కలిపి ఉంచుదామన్నాను. దీదీ పిల్ల వచ్చాకే కలుపుతానంది. నేను వాచీ చూసుకోవడం మానలేకపోయాను. ఎదురుగా బంతిపూల కుండీలు వరసగా ఉంటే లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను.

పదకొండుంబావుకి చెన్నమ్మ పాపని చంకనేసుకుని గేటు దాకా వచ్చింది. గేటు జరిగే ఇనుప పట్టా దగ్గర ఆగిపోయింది. తల్లికి దీపం పెడుతున్న మనిషి కాబట్టి తొమ్మిది రోజులూ ఆవిడ హద్దు దాటకూడదట. అంజమ్మ పట్టా దాటి ఇవతల నిలబడి చేతులు చాచింది. ముసలమ్మ వెంటనే ఇవ్వలేదు. పాప నుదుటి మీద బొట్టు సరిచేసింది, టోపీ లాగింది, మళ్ళీ చంక మార్చుకుంది. కుర్మయ్య రోడ్డు మధ్యకి వెళ్ళి పసుపు హెల్మెట్ ఊపుతూ ఆఫీసు క్యాబులను ఆపి నిలబడ్డాడు. వెనక హారన్లు మొదలయ్యాయి.

"తీస్కపో," అంది చెన్నమ్మ చివరికి. పాప పట్టా మీదుగా చేతులు మారింది.

పాపకి జ్వరం ఉందా, ఇదివరకు ఏ టీకాకైనా వికటించిందా అని దీదీ అడిగింది. సీసా కలిపింది. కుడి చేతి పైభాగంలో, చర్మం కింద, అర మిల్లీలీటరు. పాప గట్టిగా ఏడ్చి, బంతిపూలు చూసి ఆగిపోయింది. కార్డు మీద ఖాళీ గడిలో దీదీ తేదీ వేసింది, పక్కన రిజిస్టరులో సమయం రాసింది: పదకొండు నలభై. శిక్షణ తరగతుల్లో నేను దీన్ని పదకొండు యాభై ఎనిమిది చేసేవాణ్ణి.

తర్వాత క్యాంపు కదిలింది. ఆ రోజు ముప్పై ఒక్క మంది పిల్లలు రోడ్డు దాటి వచ్చారు. ఒక్కొక్కరినీ అరగంట బెంచీ మీద కూర్చోబెట్టి పంపాం. తిరిగి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర బకెట్టులో పసుపు నీళ్ళు. మధ్యలో నేను నీళ్ళు తాగడానికి అటు వెళితే, చెన్నమ్మ పట్టా అవతల నుంచి, "ఏం సారూ, పులిహోర తెచ్చినవా మాకు?" అంది. మా మధ్య రాజీ కుదిరిందని నాకు దాంతో అర్థమైంది.

సాయంత్రం జిల్లా టీకా అధికారికి మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి సిగ్నల్ బాగానే ఉంది. పది నిమిషాలు తిట్టారు. తర్వాత ఎంతమంది అని అడిగారు, చెప్పాను. మర్నాటి నుంచి మైక్రోప్లాన్‌లో ఆ నర్సరీ పేరు చేర్చారు.

ఆ క్యాంపులో తర్వాతి మూడు వారాల్లో మరో నలుగురు పిల్లలకు తట్టు వచ్చింది. అందులో ఇద్దరు ఆ గురువారం పనిలో ఉన్న తల్లిదండ్రులు తీసుకురాలేకపోయిన పిల్లలు, ఇద్దరు టీకా పడే నాటికే సోకి ఉన్నవారు. అందరూ కోలుకున్నారు. రాజు కూడా కోలుకున్నాడు. తొమ్మిదో రోజున తల్లిని పెరుగన్నంతో సాగనంపారు. శైలజకి టీకా వేసిన ఎనిమిదో రోజున ఒక పూట జ్వరం వచ్చింది. అంజమ్మ దీదీకి ఫోన్ చేసింది, దీదీ వెళ్ళి చూసింది, తగ్గింది. ఇరవై ఒక్క రోజులు గడిచినా పాపకి తట్టు రాలేదు. అది టీకా వల్లనేనని నేను ప్రమాణం చెయ్యలేను. ఒక్క పాపను చూసి ఏ డాక్టరూ అలా చెప్పకూడదు. తల్లి వదిలేసిందని చెన్నమ్మ అన్నది.

ఇంకొకటి ఒప్పుకోవాలి. జిల్లా నివేదికలో ఆ ముప్పై ఒక్క మంది "నిఘా అధికారి నచ్చజెప్పడం వల్ల ఒప్పుకున్నవారు" అనే పద్దు కింద పడ్డారు. ఆ గడి నింపింది నేను కాదు, కంప్యూటర్ ఆపరేటరు. దిద్దమని అడిగి ఉండవచ్చు. అడగలేదు. పైగా ఆ ఏడాది ఆ నివేదిక చూపించి కాంట్రాక్టు పొడిగించుకున్నాను. నిజంగా ప్రశ్న అడిగిన మనిషి పేరు అందులో ఎక్కడా లేదు. తర్వాత ఒకసారి దీదీతో ఈ మాట అంటే, ఆవిడ మర్నాటి డ్యూ లిస్టు, అంటే టీకా పడవలసిన పిల్లల జాబితా, నా చేతిలో పెట్టి సంతకం చెయ్యమంది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారికి ఉపయోగపడుతుందేమోనని నేర్చుకున్నది రాస్తున్నాను. మతం పేరు మీద వద్దన్నవారిలో చాలామంది పూర్తిగా వద్దనడం లేదు. వారికి ఒక నియమం ఉంది. ఆ నియమానికి చోటు, రోజు, మనిషి అని హద్దులు ఉంటాయి. ఎందుకు వద్దు అని అడిగితే నమ్మకాన్ని సమర్థించుకోవలసిన పని వారి మీద పడుతుంది, అక్కడితో మాట ఆగిపోతుంది. ఎక్కడైతే సరే, ఎప్పుడైతే సరే, ఎవరు వేస్తే సరే అని అడిగితే ఒక్కోసారి ముందుకు సాగుతుంది. మనకు లేని భక్తిని అరువు తెచ్చుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పనికిరాదు, పట్టుబడతాం. ఆ గురువారం తర్వాత రిటైరయ్యే దాకా నాకు పధ్నాలుగు నెలల సర్వీసు మిగిలింది. ఆ కాలంలో ఈ పద్ధతి ఐదు చోట్ల ప్రయత్నించాను. మూడు చోట్ల పనిచేసింది, రెండు చోట్ల చెయ్యలేదు.